తల్లిగారింటికి నీళ్ళ తొవ్వ

సారక్కకు తొమ్మిదో నెల పడ్డదని కబురు అచ్చినకాడి సంది రాజమల్లుకు రంది వట్టుకున్నది. తొలుసూరు కాన్పు తల్లిగారింట్ల గావాలె. గౌండ్లోళ్ళ ఇండ్లల్ల గది తప్పనిది. ఏడో నెలల్నే పోయి బిడ్డను తోలుకద్దామనుకుంటె వానలు ఎడతెగలె. ఎనిమిదో నెలల కడుపుతోనున్న పిల్లను గడప దాటియ్యరు. తొమ్మిదో నెల పడెటాల్లకు తొవ్వే లేకుంటయింది.

సారక్క అత్తగారూరు గుంటిపెల్లె. మానేరుకు కట్ట గట్టినంక నీళ్ళు ఎనుకకు తన్ని పరుసుకున్నయి గదా, గా నీళ్ళకు గా కొసన ఉంటది గుంటిపెల్లె. ఈ కొసన, గంభీరావుపేట దిక్కు, రాజమల్లు ఊరు. రెండూర్ల నడుమ బస్సు తొవ్వ మీద వాగున్నది, వాగు మీద మోరి. శ్రావణంల అడివిలుండే అన్నలు గా మోరిని మందువెట్టి లేపిండ్రు. కొన్నొద్దులకే బస్సును కాలవెట్టిండ్రు. ఇగ బస్సు బందయింది. తొవ్వలు కలిసేకాడ పోలీసోళ్ళు డేరాలేసుకోని కూసున్నరు. మిగిలింది బండి బాట. అన్ని గుంతలు, గుండ్లు. నిండు కడుపుతోని ఆ బండెక్కితె పిల్ల ఇల్లు జేరదు, నడుమల్నే కంటది. అల్లుడు సాయిలు దుబాయ్‌ల ఉండె. అత్తకు కండ్లు సరిగ కానరావు. తోలుకచ్చేదుంటె తండ్రే తోలుకరావాలె.

గందుకే రాజమల్లు నీళ్ళ దిక్కు జూసిండు.

ఆ నీళ్ళు ఒక్క తీరుగుండయి. కట్టకాడ తెల్లగ, ఎటుజూసినా నీళ్ళే కనవడుతయి గని, జర ఎగువకు పోతె అన్ని జమ్ము పొదలు, తుంగ, తూటి చెట్లు. పొదల నడుమ సందులు సందులుగ నీళ్ళుంటయి. ఒక సందు పోయి పోయి తామరాకులల్ల ఆగుతది. ఒక సందు ఆగినట్టే ఉండి అవుతల చెరువంత నీళ్ళల్ల తేలుతది. ఏది ఎటు పోతదో పోయినోళ్ళకే ఎరుక. రాజమల్లు నీళ్ళ నడుమ దిబ్బ మీదున్న ఈతచెట్లు గీసేతందుకు దోనెల పోయి అచ్చేటోడు. దిబ్బ దాటి ఎన్నడు పోలె. అవుతలి సంగతి బెస్త రాజక్కకు ఎరుక. మొగడు సచ్చిపోయినంక ఆమెనే దోనెల పోయి వలలేసి చాపలు తెచ్చి అమ్ముకుంట బతుకుతున్నది.

ఓనాడు మాపటీలి రాజక్క వాకిట్ల కూసోని చినిగిన వల కుట్టుకుంటుంటె రాజమల్లు పోయి ముచ్చట తీసిండు. ఆమె వల మీదికెల్లి తల ఎత్తకుంటనే అంత చెప్పింది. పొద్దుగాల నీళ్ళు సల్లగ పండుకోని ఉంటయి. పొద్దు నెత్తిమీదికి రాంగనే గాలి లేస్తది, దోనెను తీసుకపోయి పొదలల్ల కొడుతది. కడుపుతోనున్న పిల్ల ఉన్నప్పుడు పొద్దుటి పూటనే గడె ఏసి దోనె నూకాలె. మద్యాన్నం నుంచి ఏదన్న ఒడ్డువట్టి ఆగాలె. గిట్ల పోతె పోను రెండు మాపులు, రాను మూడు మాపులు తొవ్వల్నే పండాలె.

"పోను నేను, నా పెండ్లాం. రాను ముగ్గురం," అన్నడు రాజమల్లు.

"రాను నలుగురు గాకుంటె సాలు బావా," అన్నది రాజక్క.

ఆమె నవ్వులకే అన్నది గని రాజమల్లుకు నవ్వు రాలె. ఇంటికచ్చినంక సుత గా మాటే చెవులల్ల తిరిగింది.

గా వానకాలం పిడుగు వడి ఒక పోతుతాటి చెట్టు కూలింది. రాజమల్లు దాని మొదలు నరికిచ్చి, లోపలి మెత్త అంత బాడిసెతోని చెక్కి తీసి, కొత్త దోనె జేసిండు. చిన్నప్పటి సంది చెట్లెక్కిన మోకాళ్ళు ఆయనయి. కూసుంటె లేవరావు, లేస్తె కూసోరావు. జర సేపు చెక్కుడు, జర సేపు ఆగి నడుం వట్టుకునుడు. పాత దోనె, కొత్త దోనె పక్కపక్కన వెట్టి, మీద వెదురు గడెలు అడ్డమేసి, చెట్లెక్కే మోకుతోని గట్టిగ కట్టిండు. నడుమ తడక పరిసి మీద వరిగడ్డి ఏసిండు. బోర్ల పడకుంట ఉండాలంటె గిట్ల జోడియ్యాలె.

పిల్ల బరువుకు ఆగుతదా లేదా చూద్దామని సమ్మవ్వను పిలిచిండు. సమ్మవ్వ ఆయన పెండ్లాం. ఊర్లె సగం పోరగాండ్ల బొడ్డు కోసిన చెయ్యి ఆమెది.

"పండుకో," అన్నడు.

"పట్టపగలు నీళ్ళల్ల పండుడేందయ్యా," అన్నది గని కొంగు నడుముకు చెక్కుకోని దోనెల పండింది. రాజమల్లు మోకాలిబంటి నీళ్ళల్ల దిగి దోనెను అటిటు ఊపి చూసిండు. తలకాయ కింద గడ్డి సదిరిండు. కాళ్ళు ఎత్తుగుండాలని కాళ్ళ కింద సుత గడ్డి వెట్టిండు.

ఒడ్డు మీద రాజక్క నిలవడి చూస్తున్నది. "పెండ్లినాడు సుత గింత పైలంగ చూసుకోలేదు గదా అక్కా నిన్ను," అన్నది.

"గప్పుడు దోనె లేకుండె," అన్నది సమ్మవ్వ మొగులు దిక్కు చూసుకుంటనే.

దోనె ముచ్చట ఒడిసింది. ఇగ పండేటి జాగల ముచ్చట. రాజమల్లు చెట్టెక్కినా, కల్లు పోసినా, అన్నం తిన్నా అదే సోంచాయించుడు. ఒక మాపు ఈతల దిబ్బ మీద పండచ్చు. ఇంకో మాపు పాత ఊరి దిబ్బ మీద. అది నీళ్ళల్ల మునిగిన ఊరు, మొండిగోడలు సుత ఉంటయి, గాలి తగులదు. గని అన్నలు ఆడికచ్చి తానాలు జేస్తరని జనం చెప్పుకుంటరు. మూడో మాపుకు బర్లోళ్ళు కొట్టాలేసుకునే గడ్డ ఉన్నది. గని గా గడ్డ మీదికి పోలీసోళ్ళు అప్పుడప్పుడు అచ్చి పోతరు. ఒక్క జాగ సుత మంచిగ కుదురలె. ఎక్కడ పండినా మంట వెట్టద్దు. పొగ కనవడితె పోలీసోళ్ళు అన్నలనుకుంటరు. టార్చిలైటు ఏస్తె అన్నలు పోలీసోళ్ళనుకుంటరు. గని పాము పురుగుల జాగల లైటు లేకుంట నిండు మనిషిని ఎట్ల దించుతవు.

మంట లేదంటె వండుకునుడు లేదు. అటుకులు, బెల్లం, సత్తుపిండి గావాలె. మంచు పడుతది, పిల్ల మీద కప్పేతందుకు టార్పాలిన్ కవరు గావాలె. లైటుకు సెల్లులు. రాజక్క అన్నట్టు నడుమల్నే నొప్పులస్తె దూది, డెటాలు, బ్లేడు, దారం. గియన్ని మనసుల వేసుకున్నంక రాజమల్లుకు బుగులయింది. అడివిల తిరిగేటోళ్ళకు గావాల్సినయి సుత సరిగ్గ గియే. గంభీరావుపేటల ఒక దుకాండ్లాయన గోనెడు అటుకులు, ఇన్ని సెల్లులు ఒక్క మనిషికి అమ్మిండని పోలీసోళ్ళు తీసుకపోయి కొట్టిండ్రు. ఆయన ఇప్పటికి చెయ్యి పైకి లేపలేడు.

రాజమల్లు ఇగురం ఆలోచిచ్చిండు. అన్ని ఒక్కకాడ కొనద్దు. ఏ దుకాండ్లాయనకు మొత్తం ముచ్చట ఎరుక గావద్దు. సెల్లులు జగిత్యాలల కొనాలె. కవరు కోరుట్లల, ఆడ అక్క కొమురవ్వ ఉన్నది. దూది, డెటాలు అచ్చేటప్పుడు సిరిసిల్లల.

"గీ నాలుగు వస్తువులకు దేశం తిరుగుడెందుకు," అన్నది సమ్మవ్వ. "నేను గంభీరావుపేటకు పోయి, మా పిల్లకు కాన్పున్నదని చెప్పి తీసుకరానా?"

"నీకు ఎరుకలేదు, ఊకో."

ఆయన పోయిండు. వేములవాడల బస్సు మారి జగిత్యాల దాక నిలవడే పోయిండు. మోకాళ్ళు మొద్దువారినయి. జగిత్యాలల ఒక దుకాండ్ల కొన్ని సెల్లులు, పక్క గల్లీల కొన్ని కొన్నడు. రెండో దుకాండ్లాయన మొఖం చూసి అనుమానవడ్డట్టు అనిపిచ్చి, అడగకముందే, బాయికాడికి పోతాంటె చీకటుంటదని చెప్పిండు. కోరుట్లల మాపటికి కొమురవ్వ ఇంటికి చేరిండు. ఆమె కొడుకులు మస్కట్‌ల ఉన్నరు, ఇల్లు కొత్తగ గట్టిండ్రు, గచ్చు మీద కాలు జారుతది. కొమురవ్వకు నడుం నొప్పి, రాజమల్లుకు మోకాళ్ళ నొప్పి. ఇద్దరు ఒకలి నొప్పి ఒకలికి చెప్పుకున్నరు. తెల్లారి కవరు కొనుక్కత్తె, అంచులు పీసులు లేస్తున్నయని కొమురవ్వ కండ్లద్దాలు వెట్టుకోని ఎర్రదారంతోని చుట్టూ కుట్టి ఇచ్చింది. మేనకోడలు కొరకు గిదన్న చేస్త అన్నది.

సిరిసిల్లల దూది, డెటాలు, బ్లేడ్లు, దారప్పురి తీసుకోని బస్సెక్కెటాల్లకు రాజమల్లుకు ఒళ్ళంత పచ్చిపుండయింది. సంచి ఒళ్ళె వెట్టుకోని కండ్లు మూసిండు. అంత మంచిగ కుదిరింది, ఎవ్వలకు అనుమానం రాలె అనుకున్నడు.

ఊరికి రెండు మైళ్ళ ఈవలనే పోలీసోళ్ళు బస్సు ఆపిండ్రు. అందరి సంచులు చూసుకుంట చూసుకుంట రాజమల్లు సంచి కాడ ఆగిండ్రు. ఎస్సై సంచిని కిందికి బోర్లిచ్చిండు.

"ఏ దళానికి తీసుకపోతున్నవ్ రా ముసలోడా?"

"దళానికి కాదు సారు. మా బిడ్డ కాన్పుకు."

"కాన్పుకు సెల్లులెందుకు? టార్పాలిన్ ఎందుకు?"

రాజమల్లు దోనె ముచ్చట చెప్పిండు. నీళ్ళ మీద పోతమని, మాపటీలి దిబ్బల మీద పండుతమని, మంట వెట్టమని చెప్పిండు. చెప్పినకొద్ది ముచ్చట చెడుడే గని మంచిగ గాలె. ఏ దిబ్బల మీద అని ఎస్సై అడిగిండు. పాత ఊరి దిబ్బ అనంగనే పక్కకున్న పోలీసాయన ఎస్సై మొఖం చూసిండు.

"ఇయన్ని యాడ కొన్నవ్?"

"సెల్లులు జగిత్యాలల. కవరు కోరుట్లల. దూది సిరిసిల్లల."

"కాన్పు సామాను మూడూర్లు తిరిగి కొన్నోన్ని ఎన్నడన్న చూసినవా?" అన్నడు ఎస్సై పక్కాయనతోని. మల్ల రాజమల్లు దిక్కు తిరిగిండు. "దళానికి కొనేటోళ్ళే గిట్ల కొంటరు. ఎందుకు కొన్నవ్ గిట్ల?"

రాజమల్లుకు అబద్ధం ఆడేంత ఓపిక లేకుండె. "ఒక్కకాడ కొంటె మీకు అనుమానం అస్తదని సారు," అన్నడు.

ఇగ స్టేషన్‌కు తీసుకపోయిండ్రు. రెండు దెబ్బలు చెంపల మీద, నాలుగు అరికాళ్ళ మీద వడ్డయి. అడిగిందే అడిగిండ్రు. చెప్పిందే చెప్పిండు. చెప్పి చెప్పి, ఇది నిజమేనా, నేను నిజంగ బిడ్డ కొరకే కొన్ననా అని తనకే అనుమానం వడ్డట్టయింది. వరండల గోడకు ఒరిగి కూసోవెడితె కూసున్నకాన్నే నిద్రవట్టింది. మా పని సుత గిట్లనే ఉన్నది పెద్దమనిషి, నిద్ర లేదు అనుకుంట ఒక ముసలి పోలీసాయన బీడీ ఇచ్చిండు.

సమ్మవ్వ, రాజక్క తెల్లారి నడుసుకుంట అచ్చిండ్రు. ఎస్సై కుర్చీల కూసోని ఉంటె సమ్మవ్వ ఎదురుంగ నిలవడ్డది. మా పిల్లకు తొమ్మిదో నెల అన్నది. ఎస్సై నమ్ముతలేనన్నడు.

"నమ్మకుంటె మీరే జీపుల పోయి తోలుకరాండ్రి సారు," అన్నది సమ్మవ్వ. "మాకు గీ తిప్పలన్న తప్పుతది."

గుంటిపెల్లె తొవ్వల జీపు పోతె ఏమైతదో ఎస్సైకి ఎరుక. ముసలోన్ని తోలుకపోమన్నడు. గని రోజు పొద్దుగాల అచ్చి ఏలిముద్ర వెయ్యాలె, ఊరు దాటద్దు, నీళ్ళల్ల దిగద్దు అన్నడు. సామాను ఆడనే ఉంచుకున్నరు.

ఇంటికచ్చి మంచంల పండ్డడో లేదో, గొర్లకాపరి ఒకాయన అచ్చి అరుగు మీద కూసున్నడు. అడివిల నుంచి మాట తెచ్చిండు. పోయినోడు గింత జల్ది ఎట్ల బయటికచ్చిండు, దిబ్బల ముచ్చట స్టేషన్‌ల ఎందుకు చెప్పిండు అని అడుగుతున్నరట. పెద్దమనిషిని నీళ్ళ దిక్కు రావద్దని చెప్పమన్నరట.

ఎన్నడు ఒక్క మాట మీదికి రానోళ్ళు రెండు దిక్కులోళ్ళు. రాజమల్లును ఇంట్ల కూసోవెట్టేకాడికి ఒక్క మాట మీదికచ్చిండ్రు.

ఆ మాపు రాజమల్లు అన్నం ముట్టలె. "ఇగ నాతోని గాదే," అన్నడు. "యాష్టకచ్చింది. ఆడనే కననియ్యి. అందరు యాడోకాడ కనరా?"

సమ్మవ్వ లొల్లి వెట్టుకోలె. పొయ్యికాడ కూసోనే నిమ్మలంగ అన్నది. "తొలుసూరు పిల్ల. చూపు ఆనని అత్త. నొప్పులచ్చినప్పుడు పిల్ల అవ్వా అంటె ఆడ పలికేటోళ్ళెవరు? నేను పోత. రాజక్క గడె ఏస్తది."

రాజమల్లు లేసి కూసున్నడు. దిబ్బల మీద ఎవరున్నరో చెప్పిండు. పొగ ముచ్చట, లైటు ముచ్చట చెప్పిండు. బియ్యం తీసుకపోతె పోలీసోళ్ళేమంటరో, తీసుకపోకుంటె ఏం తింటరో చెప్పిండు.

"నువ్వు చెప్పేటియన్ని దాసుకోని పోయేటోళ్ళకు," అన్నది సమ్మవ్వ. "నేనేం దాసుకపోతలేను."

తెల్లారి ఆమె వాకిట్ల సాప పరిసి, ఇంట్లున్న బియ్యం సాపెడు పోసి, పసుపు, నూనె ఏసి కలుపుడు మొదలువెట్టింది. వాడకట్టు ఆడోళ్ళందరిని పిలిచింది. ఎటు అని అడిగినోళ్ళకందరికి, మా సారక్కకు ఒడిబియ్యం పోసి ఒడినింపి తోలుకరావోతున్నమని గట్టిగనే చెప్పింది. తొవ్వల పోయేటోళ్ళకు సుత ఇనవడేటట్టు చెప్పింది. వాళ్ళు తొవ్వల వండుకునే బియ్యం సుత అండ్లనే కలిపింది.

"తినే బియ్యానికి పసుపెందుకే," అన్నడు రాజమల్లు గుమ్మంల కూసోని.

"పసుపు బియ్యం మోసుకపోయి దళానికి వండిపెట్టేటోళ్ళను నువ్వు చూసినవా?"

ఆయన చూడలె. ఎవ్వలు చూడలె. కుడుకలు, పోకలు, రవికగుడ్డ, ఆకుపచ్చ గాజులు, బిడ్డకు కొత్త చీర. అన్ని పైకి కనవడేటట్టే గంపల పేర్చింది. రాజక్క దోనె ముందటి గడెకు పసుపు రాసి మామిడాకులు కట్టింది. రాజమల్లు మోకు ముడులన్ని మల్లొక్కసారి గుంజి చూసిండు. కవరు లేదు గనుక తన గొంగడి ఇచ్చిండు. ఏ సందుల పోవాలె, ఏ ఒడ్డున ఆగాలె, పాత ఊరి దిబ్బకాడ ఎట్ల చప్పుడు గాకుంట దాటాలె, అన్ని మొదటి సంది చెప్పిండు. సమ్మవ్వ గాజులు బట్టల చుట్టుకుంట ఊ కొట్టింది. ఇన్నదో ఇనలేదో ఆయనకు తెల్వలె.

పొద్దు పొడవంగ ఇద్దరు ఆడోళ్ళు పోయిండ్రు. జమ్ము పొదల సందుల మళ్ళేదాక మామిడాకులు కనవడ్డయి. రాజమల్లు జర సేపు నిలవడి, గటే స్టేషన్‌కు పోయిండు.

ఇగ రోజు గదే పని. పొద్దుగాల ఊరికెల్లి నడుసుడు, వరండల నిలవడుడు, పిలిచినప్పుడు బొటనేలు సాపుడు. అచ్చేటప్పుడు యాడ ఆగకుంట చక్కగ నీళ్ళకాడికి పోవుడు. ఇయ్యాల ఈతల దిబ్బ దాటి ఉంటరు. ఇప్పుడు గాలి లేస్తున్నది, ఒడ్డువట్టి ఉంటరు. ఇయ్యాల గాలి లేవకముందే గుంటిపెల్లె చేరుతరు, సారక్క నీళ్ళకాడికి ఎదురస్తది. తను ఏసుకున్న తొవ్వంత తనే మనసుల నడిచిండు. నడిచిన ప్రతిసారి పాత ఊరి దిబ్బ కాడ కాళ్ళు ఆగినయి.

వాళ్ళు తిరుగు తొవ్వల ఉండాల్సిన దినం పొద్దుగాల, ఎగువకెల్లి తుపాకుల చప్పుడు ఇనవడ్డది. నీళ్ళ మీద చప్పుడు దూరం నుంచి సుత దగ్గరున్నట్టే ఇనవడుతది. కొంగలన్ని ఒక్కసారి లేసి కట్ట దిక్కు పోయినయి. మల్ల ఆగి, మల్ల పేలినయి. వాడకట్టంత నీళ్ళ ఒడ్డుకు చేరింది. పాత ఊరి దిబ్బ కాడనే అన్నరు అందరు. రాజమల్లు నీళ్ళల్ల దిగిండు. తొడల దాక దిగి నిలవడ్డడు. పోదామంటె దోనె లేదు. ఈత కొడదామంటె మోకాళ్ళు లేవు. ఎవలో చెయ్యివట్టి గుంజి ఒడ్డుకు తెచ్చిండ్రు.

తెల్లారి స్టేషన్‌కు పోతె ముందట ట్రాక్టరు ఉన్నది. ట్రాలీల పీనుగులున్నయి. మీద కవరు కప్పిండ్రు. కింద కాళ్ళు మాత్రం కనవడుతున్నయి. చుట్టుపక్కల ఊర్లోళ్ళను పిలిపిచ్చి, మనిషి ఎనుక మనిషిని పంపి చూడమంటున్నరు. రాజమల్లు మట్టెలున్న కాళ్ళున్నయా లేవా చూడాలె. పోయిండు, పోలీసాయన కవరు లేపితె చూసిండు. మట్టెలు లేవు. అన్ని మొగపోరల కాళ్ళు, మడిమలు పగిలినయి, ఒకనికి మీసం సుత సరిగ రాలె. రాజమల్లుకు ఊపిరచ్చింది. ఊపిరచ్చినందుకు సిగ్గయింది. గప్పుడు కవరు అంచు చూసిండు. ఎర్రదారం కుట్లు. కొమురవ్వ కండ్లద్దాలు వెట్టుకోని కుట్టిన కుట్లు.

ఎరుకవట్టినవా అని పోలీసాయన అడిగిండు. లేదు సారు, నాకు ఎవ్వలు ఎరుకలేదు అన్నడు రాజమల్లు. పోయి బొటనేలు సాపిండు.

ఆయన మల్ల నీళ్ళకాడికి అచ్చి కూసున్నడు. ఎండ తిరిగింది, గాలి లేసింది. గాలి లేసినంక ఎవలు రారని ఎరుకనే గని లేసి పోబుద్ధి గాలె. తెల్లారి స్టేషన్ నుంచి అచ్చి మల్ల గక్కన్నే కూసున్నడు. పొద్దు నెత్తిమీదికి రాకముందే పొదల సందుల నుంచి దోనె ముక్కు బయటికచ్చింది. ఎండిన మామిడాకులు కనవడ్డయి. రాజక్క గడె ఏస్తున్నది. సమ్మవ్వ ఒళ్ళె తలవెట్టుకోని సారక్క పండుకోని ఉన్నది. కడుపు కడుపులెక్కనే ఉన్నది.

రాజమల్లు లేద్దామనుకున్నడు. మోకాళ్ళు పట్టేసినయి, లేవరాలె. దోనె ఒడ్డుకు తాకినంక సారక్కే దిగి, రెండు చేతులు నడుముకు వెట్టుకోని మెల్లగ నడుసుకుంట అచ్చింది.

"ఏంది బాపు, గింత గుంజుకపోయినవు," అన్నది.

ఇంటికాడ సమ్మవ్వ తొవ్వ ముచ్చట చెప్పింది. ఆయన చెప్పిన ఒక్క దిబ్బ మీద సుత వాళ్ళు పండలె. మొదటి మాపు ఈతల దిబ్బకు పోకముందే ఒడ్డున బట్టలు పిండే ఆడోళ్ళు, గంప చూసి, ఒడినింపేటోళ్ళు దిబ్బల మీద పండుడేందని ఇంటికి తోలుకపోయిండ్రట. రెండో మాపు బర్లోళ్ళ కొట్టంల పండిండ్రు, వాళ్ళు పాలు కాగవెట్టి ఇచ్చిండ్రు. అచ్చేటప్పుడు ప్రతి ఊరి ఒడ్డున ఆడోళ్ళచ్చి సారక్క ఒడిల పిడికెడు పిడికెడు బియ్యం పోసిండ్రు. తీసుకపోయినదానికంటె తెచ్చిన బియ్యమే ఎక్కువయినయి. ఓకాడ ఒడ్డు మీద పోలీసోళ్ళు నిలవడి గంపల చెయ్యివెట్టి చూసిండ్రు. చెయ్యంత పసుపయితె లుంగవడి నీళ్ళల్ల కడుక్కోని, పోండ్రి అన్నరట. తుపాకులు పేలిననాడు ఎవలింట్లనో తలుపులేసుకోని కూసున్నరు. పొద్దంత మెదులలె. గందుకే ఒక దినం ఎక్కువయింది.

రాజమల్లు అన్ని ఇన్నడు. ట్రాక్టరు ముచ్చట, కవరు ముచ్చట ఆయన చెప్పలె.

ఆ ఎనుక తెల్లారంగనే సారక్కకు నొప్పులు మొదలయినయి. సమ్మవ్వ తలుపు దగ్గరికేసింది. రాజక్క నీళ్ళు కాగవెడుతున్నది. గంభీరావుపేట దుకాండ్ల కాన్పుకని చెప్పి డెటాలు, దూది కొనుక్కచ్చిందట, ఎవ్వలు ఏమనలేదట. రాజమల్లు వాకిట్ల అటిటు తిరుగుతుంటె సమ్మవ్వ తలుపు సందుల నుంచి తల బయటవెట్టి, పోయి ఏలిముద్ర ఏసిరాపో, లేకుంటె వాళ్ళే ఈడికస్తరు అన్నది.

పోయిండు. ఏసిండు. అచ్చిండు. అచ్చెటాల్లకు లోపలికెల్లి చిన్నపిల్ల ఏడుపు ఇనవడుతున్నది. ఆడపిల్ల అని రాజక్క చెప్పింది, తల్లి మంచిగున్నది, నెత్తినిండ ఎంటికలున్నయి అని చెప్పింది. రాజమల్లు సంతోషపడదామనుకున్నడు. సంతోషమచ్చింది గని, లోపటికెల్లి అచ్చేటాల్లకు అది సుత అలసిపోయి ఉన్నది. గోడకు ఒరిగి అరుగు మీద కూసున్నడు.

జర సేపటికి సమ్మవ్వ చేతులు కడుక్కోని అచ్చి పక్కకు కూసున్నది. కట్ట దిక్కు నుంచి సల్లగాలి అస్తున్నది.

"మూడో నెల పడంగనే తొట్టెల పండుగ జేసి అత్తగారింటికి తోలాలె గదా," అన్నడు రాజమల్లు.

"ఇప్పుడే పుట్టింది. గప్పటి ముచ్చట గప్పుడు."

"గప్పటికి నీళ్ళు తీస్తయి. సందులన్ని బురదయితయి. దోనె నడువది."

చూస్తె సమ్మవ్వ గోడకు తల ఆనిచ్చి కూసున్నకాన్నే నిద్రపోయింది. రాజమల్లు లేపలె. ఆమె తల పక్కకు జారకుంట భుజం అడ్డంవెట్టి, చంటిపిల్లతోని ఏ తొవ్వ పోవచ్చునో, నడుమ యాడ ఆగచ్చునో మెల్లగ సోంచాయించుకుంట కూసున్నడు.